ముదిరిన లావెండర్‌ను కదపవచ్చా?

ఇల్లు మారుతున్నాం, పెరట్లో ఆరేళ్లుగా పెరిగిన లావెండర్ పొదను తవ్వి వెంట తీసుకెళ్లవచ్చా? పక్కన నాటిన చెట్టు పెద్దదై నీడ కమ్మేసింది, పొదను ఎండలోకి మార్చవచ్చా? కాలిబాట వెడల్పు చేయాలి, అంచున ఉన్న వరసను రెండడుగులు జరపవచ్చా? డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో, లండన్ శివార్లలోనో సొంత ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లు కరివేపాకు కుండీని, తులసి కుండీని చలికాలం లోపలికి చేర్చుకుని, బయట నేలలో లావెండర్ వేసుకుంటున్నారు. కాబట్టి ఈ ప్రశ్నలు మనవాళ్లకూ ఎదురవుతున్నాయి. జవాబులే ఒకదానితో ఒకటి పొసగవు. ముదిరిన లావెండర్‌ను ముట్టుకోవద్దని ఒక పుస్తకం చెబుతుంది. వసంతంలో మార్చమంటుంది ఇంకో పుస్తకం. టెక్సస్ తోటమాలి అక్టోబరు దాకా ఆగమంటాడు. కొమ్మలు సగానికి నరికి నాటమని ఒకరంటే, ఒక్క కొమ్మ కూడా తుంచొద్దని మరొకరంటారు. గుంతలో ఇసుక కలపమనేవాళ్లు, కంకర పరవమనేవాళ్లు, ఏమీ కలపొద్దనేవాళ్లు సరేసరి. ఈ సలహాల్లో చాలామటుకు ఎవరి నేలలో వాళ్లకు నిజమైనవే. వాటిని నేలనుబట్టి, వాతావరణాన్నిబట్టి, మొక్క వయసునుబట్టి విడదీసి చూస్తేగాని మన పెరటికి పనికొచ్చేది ఏదో తేలదు.

లావెండర్ మన తులసి, పుదీనా, మరువం కుటుంబానికి చెందిన పొద. మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న సున్నపురాతి కొండలు దాని పుట్టిల్లు. ఇంగ్లిష్ లావెండర్ అని పిలిచే అంగుస్టిఫోలియా జాతి కూడా ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ కొండవాలుల నుంచే ఇంగ్లండ్ చేరింది. ఆ వాలుల్లో మట్టికన్నా రాయి ఎక్కువ. వాన చలికాలంలో పడుతుంది, పడ్డది పడ్డట్టే రాళ్ల సందుల్లోంచి జారిపోతుంది. వేసవంతా ఎండే. ఆ ఎండకు తట్టుకోవడానికే ఆకు సన్నబడింది, దాని మీద బూడిదరంగు నూగు పెరిగింది. వేళ్లు ఎక్కువ భాగం పై అడుగు లోతులోనే వెడల్పుగా అల్లుకుంటాయి. రాతి సందు దొరికితే అంతకన్నా లోతుకు దిగుతాయి.

నీళ్లు పోయకపోయినా బతుకుతుందన్న పేరు లావెండర్‌కు ఇలా వచ్చింది. మొక్క మార్చేటప్పుడు చాలామందిని తప్పుదారి పట్టించేది కూడా ఈ పేరే. ఎండకు ఓర్చుకునే ఆ శక్తిలో పెద్ద వాటా నేలంతా పరుచుకున్న వేళ్లది. నీటిని పీల్చేవి లావుపాటి వేళ్లు కావు, వాటి చివర్లలో ఉండే పిల్లవేళ్లూ, వాటి మీది నూగూ. పార దించిన చోట తెగి, పాత గుంతలోనే మిగిలిపోయేవి అవే. పైన ఆకు మాత్రం ఏడాది పొడవునా పచ్చగా ఉండి నీటిని వదులుతూనే ఉంటుంది. అంటే నిన్నటిదాకా నెలరోజులు నీళ్లు లేకున్నా నిలిచిన మొక్క, తవ్వి నాటిన రోజు నుంచి తోటలో అన్నిటికన్నా ముందు దాహంతో వడలిపోతుంది. అలాగని రోజూ నీళ్లు పోస్తే, తెగిన వేళ్ల చివర్లలోంచి ఫైటాఫ్తోరా వంటి కుళ్లు తెగులు ఎక్కుతుంది. తడి నేలలో లావెండర్‌ను చంపే ప్రధాన శత్రువు అదే. ఇటు దాహానికీ అటు కుళ్లుకూ మధ్య మిగిలే దారి చాలా ఇరుకు. ఈ విషయం మీద వినిపించే వాదాలన్నీ ఆ ఇరుకు దారిలో ఎలా నడవాలన్న దాని చుట్టూ తిరుగుతున్నవే.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది మొక్క మొదలు. వయసు గుర్తులేకపోయినా మొదలు చెబుతుంది. రెండేళ్ల పొదలో కొమ్మలను పక్కకు తప్పిస్తే లోపలిదాకా పచ్చదనం ఉంటుంది, నేలకు దగ్గరలో కూడా చిన్న చిగుళ్లు కనిపిస్తాయి. ఆరేడేళ్ల పొదను అలాగే తెరిచి చూడండి. మొదలు బొటనవేలంత, కొన్నిసార్లు మణికట్టంత లావుగా ఉంటుంది. బెరడు బూడిద కలిసిన గోధుమరంగులో, పేలికలుగా లేస్తుంటుంది. లోపలంతా ఆకు లేని పుల్లలు. పచ్చదనం పైన ఒక జానెడు మందాన మాత్రమే ఉంటుంది. కొమ్మలు బరువుకు నలువైపులా వాలి నడుమ ఖాళీ ఏర్పడి ఉంటే, కాండం అప్పటికే చీలడం మొదలైందన్నమాట. రెండు మూడేళ్ల మొక్కను మార్చడం పెద్ద ప్రమాదం కాదని అనుభవజ్ఞులంతా ఒప్పుకుంటారు. అయిదేళ్లు దాటిన దాని దగ్గరే అభిప్రాయాలు చీలుతాయి. పదేళ్లు దాటి నడుమ చీలినదాన్ని మార్చమని చెప్పేవాళ్లు దాదాపు లేరు. ఇంటి తోటలో లావెండర్ బతికేదే సుమారు పది, పదిహేనేళ్లు. బాగా కత్తిరిస్తూ వస్తే ఇంకొన్నేళ్లు.

ముదిరిన కొయ్య మీద ఇంత పట్టుబట్టడానికి కారణముంది. లావెండర్ పాత కొయ్యలో నిద్రపోతున్న మొగ్గలు దాదాపు ఉండవు. ఆకు లేని చోటుకు కోస్తే అక్కడ మళ్లీ చిగురు రాదు. మర్రి, రావి జాతి చెట్లు ఇందుకు పూర్తిగా భిన్నం. హైదరాబాద్‌లో రోడ్ల విస్తరణకు అడ్డొచ్చిన చెట్లను కొమ్మలన్నీ నరికి, మొండి మానుగా లారీకెక్కించి వేరేచోట నాటుతుంటారు. అలా నాటిన రావి మానుకు కొన్నాళ్లకు ఒళ్లంతా ఎర్రటి చిగుళ్లు రావడం చాలామంది చూసే ఉంటారు. కడియం నర్సరీల్లో వేరుగడ్డకు గోనె చుట్టి అమ్మే పెద్ద చెట్లు చూసినా అదే ధైర్యం కలుగుతుంది. ఆ ధైర్యంతో లావెండర్‌ను మొండిగా నరికి నాటితే మిగిలేది ఎండు పుల్లే. వేరు తెగినా కొత్త వేరు వేయగలదు, కొమ్మ తెగితే పచ్చ ఉన్న చోటు నుంచి మాత్రమే చిగురించగలదు. ఈ ఒక్క తేడా గుర్తుంటే కత్తిరింపు మీద నడిచే వాదం సగం తీరిపోతుంది.

లావెండర్‌ను బతుకుదెరువుగా పండించేవాళ్లు ఏం చేస్తారో చూడటం కూడా అవసరం. ఫ్రాన్స్‌లోని ప్రోవాన్స్‌లో, 1932లో మొదలైన ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ లావెండర్ పొలాల్లో, మన జమ్మూలోని భదర్వాలో ఎక్కడా పాత పొదలను తవ్వి ఇంకోచోట నాటరు. వరస ముదిరి దిగుబడి పడిపోతే పీకేసి, కొమ్మ ముక్కల నుంచి పెంచిన లేత మొక్కలు వేస్తారు. జమ్మూలోని భారతీయ సమీకృత వైద్య సంస్థ, అంటే సీఎస్ఐఆర్ కింద పనిచేసే ఐఐఐఎం, అరోమా మిషన్ పేరుతో దోడా జిల్లా రైతులకు అందించినవి కూడా నర్సరీలో వేరు పట్టించిన నారు మొక్కలే. వాళ్లకు పొద మీద మమకారం ఉండదు, లెక్క ఉంటుంది. ఇంటి తోటలో లెక్క వేరు. అమ్మ వచ్చినప్పుడు నాటిన మొక్క, పిల్ల పుట్టిన ఏడు కొన్న మొక్క అయితే దాని బదులు కొత్తది కొనుక్కోమనడం జవాబు అనిపించుకోదు. అందుకే మార్చడం గురించి వివరంగా మాట్లాడుకోవాలి.

జాతినిబట్టి కూడా తేడా ఉంది. హిడ్‌కోట్, మన్‌స్టెడ్ వంటి అంగుస్టిఫోలియా రకాలు పొట్టిగా, గుబురుగా ఉంటాయి కనుక వేరుగడ్డ చేతికి వచ్చే పరిమాణంలో ఉంటుంది. గ్రోసో, ప్రోవాన్స్ వంటి లావెండిన్ సంకర రకాలు మూడడుగుల ఎత్తు, అంతకు మించిన వెడల్పు పెరుగుతాయి. వాటి వేళ్లలో చెప్పుకోదగ్గ భాగం వెంట తెచ్చుకోవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. పూల తలపై కుందేలు చెవుల్లా రేకులు నిలిచే స్టోకస్ జాతి చలికి ఆగదు, వయసూ తక్కువే. నాలుగేళ్లు దాటిన స్టోకస్‌ను మార్చడానికి శ్రమపడటం నా ఉద్దేశంలో వృథా.

ఇక కాలం. పుస్తకాల మధ్య పెద్ద వైరుధ్యం ఇక్కడే కనిపిస్తుంది, నిజానికి అన్నిటి వెనకా ఉన్న సూత్రం ఒకటే. నేల వేళ్లు పెరిగేంత వెచ్చగా ఉండాలి, ఆకు మీద ఎండ ఒత్తిడి తక్కువగా ఉండాలి. ఆ రెండూ కలిసివచ్చే వారాలు ఒక్కో ఊళ్లో ఒక్కో నెలలో పడతాయి. ఇంగ్లండ్‌లో, న్యూజెర్సీలో, షికాగోలో అవి వసంతంలో, కొత్త చిగురు అప్పుడే కనిపిస్తున్న ఏప్రిల్ ప్రాంతంలో వస్తాయి. ఆ ఊళ్లలో శరదృతువు చివర నాటితే వేరు పట్టకముందే నేల గడ్డకడుతుంది. గడ్డకట్టి కరిగిన ప్రతిసారీ మట్టి ఉబ్బి మొక్కను పైకి నెడుతుంది, వేళ్లు గాలికి తేలతాయి. తప్పనిసరైతే మొదటి గడ్డమంచుకు ఆరు నుంచి ఎనిమిది వారాలు ముందే పని ముగించాలి.

డాలస్‌లో లెక్క తిరగబడుతుంది. అక్కడ చంపేది వేసవి. 2011లో డాలస్, ఫోర్ట్‌వర్త్ ప్రాంతంలో ఉష్ణోగ్రత 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరిన రోజులు 71. ఏప్రిల్‌లో తవ్వి నాటిన పొదకు రెండు నెలలు తిరక్కుండానే ఆ ఎండ మీద పడుతుంది. అక్టోబరులో నాటితే నేల ఇంకా వెచ్చగా ఉంటుంది, ఎండ తగ్గుతుంది, డిసెంబరు దాకా వేరు సాగుతుంది. అక్కడా ప్రమాదం లేకపోలేదు. 2021 ఫిబ్రవరిలో అదే ఊళ్లో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 18 డిగ్రీల సెల్సియస్ దాటి పడిపోయింది. అయినా ఏటా తప్పకుండా వచ్చే ఎండనుబట్టే కాలం ఎంచుకోవాలిగాని, ఎప్పుడో ఒకసారి వచ్చే అంతటి చలినిబట్టి కాదు. కాలిఫోర్నియా తీరంలో శీతాకాలపు వానలకు ముందు అక్టోబరు, నవంబరు నెలలు మంచివి. మెల్‌బోర్న్‌లో అవే రోజులు మార్చి చివర నుంచి మే దాకా వస్తాయి. ఎక్కడైనా సరే, పూత నిండుగా ఉన్నప్పుడు మాత్రం ముట్టుకోకూడదు.

నేల సంగతికి వద్దాం. మార్చిన లావెండర్లు చచ్చిపోవడానికి తవ్వకంలో జరిగే పొరపాట్లకన్నా కొత్త చోటే ఎక్కువ కారణమని నేను నమ్ముతున్నాను. డాలస్ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కో, అర్వింగ్‌లలో మనవాళ్లు కొన్న ఇళ్లు చాలావరకు బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అనే నల్లమట్టి పట్టీ మీద ఉన్నాయి. పల్నాడు, కర్నూలు నల్లరేగడి తెలిసినవాళ్లకు ఈ మట్టిని పరిచయం చేయనక్కర్లేదు. మృత్తికా శాస్త్రంలో రెండూ వర్టిసాల్ అన్న ఒకే తరగతికి చెందుతాయి. వానకు ఉబ్బుతుంది, కాళ్లకు అంటుకుంటుంది. వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. నెర్రె విచ్చేటప్పుడు సన్న వేళ్లను తెంపేస్తుంది, తడిసినప్పుడు గాలి ఆడనివ్వదు. పత్తికి, మిరపకు బంగారంలాంటి నేల లావెండర్‌కు పడదు. మరి అదే టెక్సస్‌లో బ్లాంకో ఊరు లావెండర్ తోటలకు పేరు తెచ్చుకుంది, ఏటా లావెండర్ ఉత్సవం జరుపుకుంటుంది. అక్కడిది సున్నపురాతి మీద పలచటి మట్టి. వాషింగ్టన్ రాష్ట్రంలో సీక్విమ్ పట్టణం సంగతీ అంతే. ఒలింపిక్ పర్వతాల వాననీడలో ఉండటంవల్ల సియాటిల్‌లో సగం వాన కూడా అక్కడ పడదు. రెండుచోట్లా మొక్క అదే. వేళ్ల దగ్గర నీరు నిలవకపోవడమే దానికి అచ్చివచ్చింది.

కాబట్టి పొదను తవ్వకముందే కొత్త చోటును పరీక్షించాలి. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తీసి నీళ్లు నింపండి. అది ఇంకాక మళ్లీ నింపి, ఒక పుల్ల గుచ్చి గుర్తు పెట్టుకోండి. గంటకు అంగుళం చొప్పున అయినా నీటిమట్టం దిగితే ఆ నేలలో నాటవచ్చు. తెల్లారేదాకా నీరు కనిపిస్తే అక్కడ గుంత తీసి నాటే ఆలోచన మానుకోవాలి. అప్పుడు మిగిలిన దారి మిట్ట మీద నాటడం. జానెడు, మూరెడు ఎత్తున మట్టి పోసి, ఆ మిట్ట నెత్తి మీద మొక్కను నిలపాలి. ఇలాంటి చోట చాలామంది గుంత లోతుగా తీసి, బంకమట్టి బయట పారబోసి, దాని బదులు ఇసుక, కంపోస్టు కలిపిన గుల్లమట్టి నింపుతారు. చుట్టూ ఉన్న బంకలోకి నీరు ఇంకదు, గుల్లమట్టిలోకి మాత్రం చప్పున దిగుతుంది. వాన పడ్డ ప్రతిసారీ ఆ గుంత నీళ్లతొట్టిగా మారుతుంది, వేళ్లు అందులో నానుతాయి. అడుగున కంకర పరిచినా ఉపయోగం లేదు. సన్నమట్టి పూర్తిగా తడిసి నిండేదాకా నీరు కింది కంకరలోకి జారదు, అంటే తడి పొర వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ ఉద్యాన శాస్త్రవేత్త లిండా చాకర్ స్కాట్ ఈ కంకర నమ్మకాన్నీ, గుంతలో కలిపే ఎరువుల నమ్మకాన్నీ ఏళ్లుగా ఖండిస్తూ వస్తున్నారు. కంకరకు తగిన చోటు పైన. మొక్క మొదలు చుట్టూ పరిస్తే తడి ఆకుకు, కాండానికి తగలకుండా కాపాడుతుంది. చెక్కపొట్టు, ఎండుటాకులు మొదటికి ఆనిస్తే తేమ పట్టి కుళ్లుతుంది.

మన అలవాట్లలో రెంటిని ఇక్కడ పక్కన పెట్టాలి. గుంత తీయగానే పశువుల ఎరువు, వేపపిండి వేయడం మనకు చేతులకు వచ్చేసిన పని. మామిడికి, మల్లెకు అది మేలు చేస్తుంది. లావెండర్‌కు బలమైన మట్టి దొరికితే కొమ్మ మెత్తగా, పొడవుగా పెరిగి వాలిపోతుంది. వేరు లేని మొక్క చేత ఆకు పెట్టించడం మార్చిన ఏడాదిలో అసలే కూడదు. రెండోది పాదు. నీరు నిలవడానికి మొదలు చుట్టూ గట్టు కట్టే పాదు లావెండర్‌కు ఉరితాడే. మొదటి కొన్ని వారాలు నీరు పక్కకు జారిపోకుండా గట్టు కావాలనుకుంటే మొదటికి దూరంగా, వేరుగడ్డ అంచున కట్టి, వేరు పట్టగానే చెరిపేయాలి. మట్టి పులుపుగా ఉన్న ఊళ్లలో, ముఖ్యంగా సియాటిల్ వైపు, పరీక్ష చేయించి సున్నం కలుపుకోవడం మంచిది. పీహెచ్ ఆరున్నరకూ ఎనిమిదికీ మధ్య ఉంటే మొక్కకు ఇబ్బంది లేదు.

తవ్వే పని నిజానికి ఒక కాలం ముందే మొదలవ్వాలి. వసంతంలో మార్చదలచుకుంటే శరదృతువులో, అక్టోబరులో మార్చదలచుకుంటే వేసవికి ముందు, పొద చుట్టూ పదునైన పారను నిటారుగా దించుతూ ఒక చుట్టు చుట్టాలి. మట్టి పెకలించక్కర్లేదు, వేళ్లు తెగితే చాలు. ఆ గీత లోపల కొత్త పిల్లవేళ్లు గుబురుగా పుడతాయి, తర్వాత గడ్డతోపాటు వచ్చేవి అవే. ఇంత వ్యవధి ఉండేది తోటలోపల మార్చుకునేవాళ్లకే. ఇల్లు ఖాళీ చేసేవాళ్లకు దొరకదు.

తవ్వే రోజుకు ముందురోజు సాయంత్రం వేళ్ల లోతు దాకా తడపాలి. పొడిమట్టి అయితే గడ్డ చేతిలోనే విడిపోతుంది. కొత్త గుంత ముందే తీసి ఉంచుకోవాలి, మబ్బు పట్టిన రోజో సాయంత్రమో చూసుకోవాలి. వాలిన కొమ్మలను పాత చీరముక్కతో పైకి చేర్చి వదులుగా కట్టేస్తే పారకు దారి దొరుకుతుంది. రెండడుగుల వెడల్పు పొదకు కనీసం 40 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు గడ్డ కావాలి. తడిమట్టితో అది 40 కిలోలకు పైనే తూగుతుంది. మొదలు పట్టుకుని లాగితే వచ్చేది కాండమే, వేళ్లు కింద ఉండిపోతాయి. చుట్టూ కోశాక పారను వాలుగా అడుగుకు దించి, నెమ్మదిగా లేపుతూ, ఒక పక్కకు ఒరిగించి కిందికి గోనెపట్టా తోయాలి. మళ్లీ రెండోపక్కకు ఒరిగించి పట్టా లాగితే గడ్డ దాని మీదికి చేరుతుంది. ఎత్తడమైనా ఈడ్చడమైనా ఆ పట్టా పట్టుకునే. ఈ దశలో వినిపించే పట్‌పట్ చప్పుళ్లు లావు వేళ్లు తెగుతున్నవి. చీలిన చివరలను కత్తెరతో నున్నగా కోయాలి. కొత్త గుంతలో గడ్డ పైభాగం చుట్టూ నేలకన్నా వేలెడు ఎత్తున నిలవాలి, మట్టి దిగబడ్డాక సమంగా వస్తుంది. మొదలు పాత నేలలో ఏ మేరకు బయటికుందో అంతకన్నా లోతుగా పూడ్చకూడదు. తవ్వి తీసిన మట్టినే తిరిగి పోసి, కాలితో తొక్కకుండా నీటితో సర్దుకోనివ్వాలి.

కత్తిరింపు మీద రెండు వాదాలున్నాయి. వేరు తగ్గింది కనుక ఆకూ తగ్గించాలన్నది పాత మాట. కొమ్మ చివరి మొగ్గల్లో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగి కొత్త వేళ్లకు ప్రేరణ ఇస్తుంది, ఆకు తయారుచేసే ఆహారమే వేరుకు ఆధారం, కాబట్టి ఎక్కువ కోయడం నష్టమన్నది చెట్ల మీద జరిగిన పరిశోధనల తర్వాత బలపడిన మాట. నేను రెండో వాదం వైపే మొగ్గుతాను, కొంత సవరణతో. పూలకాడలన్నీ తీసేయాలి, ఎందుకంటే పూతకయ్యే ఖర్చు మొక్క ఇప్పుడు భరించలేదు. పచ్చ కొసలను గుబురు సరిచేసినట్టు కొద్దిగా, ఎంత ఎక్కువైనా పచ్చదనంలో మూడోవంతు మించకుండా కోయవచ్చు. కొయ్య జోలికి పోకూడదు. ముదిరిపోయిన పొదను మార్చడం, పొట్టిగా చేసి కొత్త రూపం తేవడం ఒకే రోజు పెట్టుకుంటే రెండూ చెడతాయి.

నాటిన రోజు నిండుగా నీళ్లు పోయాలి. ఆ తర్వాత తేదీలు చూసి కాకుండా వేలు చూసి పోయాలి. రెండంగుళాల లోతు దాకా వేలు గుచ్చి, పొడిగా తగిలితే నిదానంగా, లోతుగా తడపాలి. తడిగా తగిలితే ఆ రోజుకు వదిలేయాలి. తడి చూడాల్సింది వేరుగడ్డలోనే, పక్కన పోసిన కొత్త మట్టిలో కాదు, రెండూ ఒకే వేగంతో ఆరవు. కొసలు వాలితే వెంటనే పైపు పట్టుకోవద్దు. మధ్యాహ్నం వాలి, తెల్లారేసరికి లేచి నిలబడితే అది ఎండ ప్రభావం. తెల్లారినా వాలే ఉండి మట్టి పొడిగా ఉంటే దాహం. తెల్లారినా వాలి ఉండి మట్టి తడిగా ఉంటే వేరు కుళ్లుతోంది, ఇంకో చెంబెడు పోస్తే అదే ఆఖరిది అవుతుంది. గాలి ఎక్కువున్న చోట మొదటి రెండు వారాలు పలచటి గుడ్డతో నీడ కట్టడం మేలు చేస్తుంది. ఈ దశలో విటమిన్ బీ1 కలిపిన టానిక్కులు, ఎముకల పొడి, వేరు మందులు అమ్మకానికి వరస కడతాయి. బీ1 ద్రావణం పోసినందువల్ల తోటలో మార్చిన మొక్క మరింత బాగా వేరు పట్టిందని రుజువు కాలేదు. ఆ డబ్బుతో కంకర కొనుక్కోవచ్చు.

ఇంత శ్రమ పడ్డా అయిదేళ్లు దాటిన పొద బతుకుతుందని హామీ ఇవ్వలేం. అందుకే తవ్వే నిర్ణయం తీసుకున్న రోజునే కొమ్మ ముక్కలు తీసుకోవాలి. వేసవి మొదట్లోనో, పూత అయిపోయాకనో పూలు లేని కొమ్మ కొసలను మూడు నాలుగు అంగుళాల పొడవున తుంచి, కింది సగం ఆకులు తీసేసి, ఇసుక పాలు ఎక్కువున్న మట్టిలో గుచ్చాలి. ఎండ నేరుగా తగలని వెలుతురులో ఉంచితే మూడు నుంచి ఆరు వారాల్లో వేరు పడుతుంది. అన్నీ పట్టవు కనుక కావలసినదానికి రెండింతలు పెట్టుకోవాలి. ఇంకా సులువైనది నేల అంటు. కింది కొమ్మను వంచి, నేలకు తగిలే చోట బెరడు గీరి, మట్టి కప్పి రాయి పెడితే తల్లిమొక్కను అంటిపెట్టుకుని ఉండగానే వేరు వేస్తుంది, కొన్ని నెలలకు కోసుకోవచ్చు. కొమ్మ నుంచి వచ్చిన మొక్క తల్లి రూపమే, సువాసనా రంగూ అవే. విత్తనం నుంచి అలా రాదు, లావెండిన్ సంకరాలకైతే మొలకెత్తే విత్తనమే ఉండదు. అమ్మ నాటిన మొక్క అన్న మమకారం ఉన్నవాళ్లకు ఇదే పెద్ద ఊరట. ఆ కొమ్మ ముక్క కుండీలో వేరు పట్టుకుంటే, మీ వెంట వచ్చేది అచ్చంగా ఆ మొక్కే.

ఇల్లు అమ్మి వెళ్లేవాళ్లకు ఇంకో చిక్కుంది. అమెరికాలోనూ ఇంగ్లండ్‌లోనూ నేలలో నాటిన మొక్క సాధారణంగా ఆస్తిలో భాగంగా కొన్నవాళ్లకు చెందుతుంది. ఒప్పందం రాసుకునేటప్పుడే ఈ పొద మాది అని స్పష్టంగా మినహాయించుకోవాలి, లేదా ఇల్లు అమ్మకానికి పెట్టకముందే కుండీకి మార్చాలి. సరిహద్దులు దాటించడం మరీ కష్టం. కాలిఫోర్నియాలోకి వెళ్లే రహదారుల మీద మొక్కల తనిఖీ కేంద్రాలుంటాయి, తోట మట్టితో ఉన్న మొక్కను ఆపేయవచ్చు. 2013లో దక్షిణ ఇటలీలోని పూలియాలో ఆలివ్ తోటల్లో బయటపడ్డ జైలెల్లా ఫాస్టిడియోసా అనే బ్యాక్టీరియా లావెండర్‌కూ సోకగలదు. అందుకే బ్రిటన్ బయటి నుంచి వచ్చే లావెండర్ మీద గట్టి నిఘా పెట్టింది. ఇండియాకు తెచ్చుకోవాలంటే 2003 మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం రెండూ ఉండాలి. సూట్‌కేసులో తడిగుడ్డ చుట్టి తెచ్చే కొమ్మ చిన్నదిగా కనిపించినా, దాంతో వచ్చే తెగులు చిన్నది కాకపోవచ్చు.

హైదరాబాద్‌లో, విజయవాడలో ఈ సమస్య వేరే రూపంలో ఉంటుంది. అక్కడ అంగుస్టిఫోలియాకు కావలసిన చలి లేదు, జులై నుంచి సెప్టెంబరు దాకా గాలిలో తేమ, వేళ్ల దగ్గర తడి కలిసి చంపేస్తాయి. నేలలో అయిదేళ్లు నిలిచిన పొదే అరుదు కనుక అక్కడ మార్చడమంటే ఎక్కువగా కుండీ మార్చడమే. వానలు వెనకపట్టాక నవంబరులో, ఒక అంగుళం పెద్దదైన మట్టికుండీలోకి మార్చి, వానాకాలం చూరు కింద పెట్టుకోవడం మేలు.

మార్చిన ఏడాది పూలు ఆశించకూడదు, మొగ్గ తొడిగినా తుంచేయాలి. ఆకు సగం రాలి పొద బూడిదరంగుకు తిరిగినా తొందరపడి పీకేయవద్దు. సన్న కొమ్మను గోటితో గీరి చూస్తే బెరడు కింద పచ్చగా ఉన్నంతకాలం ప్రాణముంది. గోధుమరంగులో పుటుక్కున విరిగితే ఆ కొమ్మ పోయినట్టే, దాని పక్కదాన్ని చూడాలి. వసంతంలో మార్చినదాన్ని వేసవి దాటేదాకా, అక్టోబరులో మార్చినదాన్ని మరుసటి మే నెలాఖరు దాకా చూడాలి. అప్పటికి మొదలు దగ్గర కాకపోయినా కొసల్లోనైనా కొత్త చిగురు సాగుతుంటే మొక్క మూన తిరిగినట్టు. రెండో ఏడాది పూత అయ్యాక మాత్రమే మామూలు కత్తిరింపు మొదలుపెట్టాలి.